మోకాలి లోతు సముద్రం

ఊళ్లు చూసొచ్చినవాళ్లందరూ అక్కడి అందాలు రాస్తారు. నేనూ అదే రాద్దామని కూర్చున్నాను గానీ, కలం పట్టుకోగానే మా చిన్నాడి పాదమే కళ్ల ముందు కొచ్చింది. అందుకే అందాలతోపాటు మేము చేసిన తప్పులు కూడా దాచకుండా రాస్తున్నాను. మీలో ఎవరైనా పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఆ దీవికి వెళ్తే మాలాగా కాకుండా క్షేమంగా తిరిగి రావాలని నా కోరిక.

మాది గోదావరి ఒడ్డు, కొవ్వూరు. పుట్టినప్పటి నుంచీ నీళ్లు చూస్తూ పెరిగినదాన్ని. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

మా పిన్ని కూతురు పెళ్లయి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటోంది. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టారు గానీ, అక్కడివాళ్ల నోట ఇంకా పాతపేరే నలుగుతోంది. అక్కడ తెలుగువాళ్లకి కొదవ లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. "అక్కా, ఎన్నేళ్లుగా పిలుస్తున్నాను, ఈసారైనా రండి" అని చెల్లాయి పట్టుబడితే 2025 సంక్రాంతి సెలవులకి బయల్దేరాము. మావారు, నేను, అత్తయ్యగారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఏడో తరగతి చదివే చిన్నాడు.

కనుమనాడు కాకైనా కదలదంటారు. మేము సరిగ్గా ఆ రోజే నీల్ దీవికి ఓడెక్కాము! "పండక్కి ఇల్లు వదిలిందే చాలు, ఇవాళ సముద్రం కూడా దాటాలా?" అని అత్తయ్యగారు గొణిగారు. టికెట్లు దొరికింది ఆ రోజుకే మరి.

రామాయణం ఊళ్లు

నీల్ దీవికి 2018 డిసెంబరులో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రభుత్వ ఓడలో సుమారు రెండు గంటల ప్రయాణం. ఓడ ఊగుతుంది, వాంతులవుతాయి. డాక్టర్ని అడిగి తెచ్చుకున్న మాత్ర ఓడెక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. మా అత్తయ్యగారు మాత్రం మాత్ర వద్దని ఉప్పులో ఊరిన ఎండు నిమ్మకాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మా అందరికంటే బాగా కూర్చున్నారు.

దీవి చాలా చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకి ఆటోలో పావుగంట, ఇరవై నిమిషాలు. ఊళ్ల పేర్లు వింటే ప్రాణం లేచొస్తుంది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! తూర్పు బెంగాల్ నుంచి నిలువనీడ లేక వచ్చిన కుటుంబాలకి 1960ల్లో ఇక్కడ భూములిచ్చి నిలబెట్టారు. వాళ్ల పిల్లలే ఇప్పుడు వరి, కూరగాయలు, అరటి పండిస్తున్నారు. చుట్టుపక్కల దీవులకి కూరలు వెళ్లేది ఇక్కడినుంచే. వంకాయ తోటలు, పోక చెట్లు, కొబ్బరి చెట్లు చూసి "అచ్చం మన కోనసీమేనే అమ్మాయ్!" అన్నారు అత్తయ్యగారు. అలా అనిపించడం వల్లనే కాబోలు, మాకు భయం అనే మాటే గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం భరత్‌పూర్ ఒడ్డుకి వెళ్లాము. నీళ్లు పచ్చగా, గాజులా ఉన్నాయి. చాలా దూరం మోకాలి లోతే. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చోబెట్టి పగడపు దిబ్బల్ని, రంగు రంగుల చేపల్ని చూపిస్తారు. పడవవాడు ఇచ్చిన లైఫ్ జాకెట్లలో అత్తయ్యగారి దానికి పట్టీ తెగిపోయి ఉంది. అడిగితే "ఇక్కడ లోతు లేదు, ఏం కాదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మావారు కూడా "పోనిద్దూ, పావుగంటేగా" అన్నారు. అయినా సరే, వేరేది తెస్తేనే ఎక్కుతామన్నాను. సణుక్కుంటూ తెచ్చాడు.

అంత పట్టుదల ఎందుకంటే, 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర జరిగిన పడవ ప్రమాదం గురించి చెల్లాయి ముందురోజే చెప్పింది. ఎక్కించాల్సిన వాళ్లకంటే ఎక్కువమందిని ఎక్కించుకున్న విహార పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి సరదాగా చూసిపోదామని వచ్చినవాళ్లే. పడవ మునిగాక జాకెట్ వెతుక్కునే టైముండదు. చీరమీద బాగుండదనో, ఫోటోలో లావుగా కనిపిస్తామనో విప్పకండి. పట్టీలు మూడూ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది వదులైనట్టే.

ఇంత జాగ్రత్తపడ్డ దాన్ని, మర్నాడు పొద్దున్నే ఏం చేశానో చూడండి.

రాతి వంతెన దగ్గర

లక్ష్మణ్‌పూర్ వైపు ఒడ్డున సముద్రం కోసి మలిచిన రాతి వంతెన ఉంది. బెంగాలీలు కదా, ముద్దుగా హౌరా బ్రిడ్జి అని పిలుచుకుంటారు. దాని దగ్గరకి ఆటులో, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడే నడిచి వెళ్లాలి. దారి పొడుగునా చచ్చిన పగడపు రాళ్లు, మధ్యమధ్యలో నీటి గుంటలు. ఆ గుంటల్లో చేపపిల్లలు, పీతలు, సముద్రపు దోసకాయలు, ఎన్ని వింతలో!

ముందురోజు రాత్రే ఆటో అబ్బాయి చెప్పాడు. "అమ్మా, రేపు అయిదున్నరకే బయల్దేరండి. ఏడున్నరకల్లా ఒడ్డెక్కేయాలి. తరవాత నీళ్లొచ్చేస్తాయి" అని. అలాగేనన్నాము. పొద్దున్న లేచేసరికి అత్తయ్యగారి స్నానం, దీపం. పిల్లలు ఖాళీ కడుపుతో ఎక్కడ నడుస్తారని నేను టిఫిను కోసం ఆపాను. మేము దిగేసరికి ఏడు కావడానికి పది నిమిషాలుంది.

ఒడ్డున కొబ్బరిబొండాలు అమ్మే బెంగాలీ ఆవిడ మమ్మల్ని చూసి, "దీదీ, ఆలస్యమైంది, త్వరగా చూసి వచ్చేయండి" అంది హిందీలో. ఆవిడ బేరం ఆవిడది అనుకున్నాను. నీళ్లు చూస్తే చీలమండ దాకా కూడా లేవు మరి.

రెండో తప్పు కూడా నాదే. చిన్నాడికి పండక్కి కొత్త బూట్లు కొన్నాము. ఉప్పు నీళ్లు తగిలితే పాడైపోతాయని, "విప్పెయ్యరా, చేత్తో పట్టుకో" అన్నాను. వాడు విప్పేశాడు.

వంతెన చాలా బాగుంది. దాని కింద నిలబడి ఎన్ని ఫోటోలు తీసుకున్నామో లెక్క లేదు. "ఇక పదండి" అని మావారు రెండుసార్లు అన్నారు. "అందరం కలిసి ఒక్కటి, ఇదే ఆఖరు" అని నేనే ఆపాను. అది ఆఖరయ్యేసరికి ఎనిమిది.

వెనక్కి తిరిగి చూస్తే మేము వచ్చిన దారి లేదు! రాళ్లన్నీ నీళ్లకింద ఉన్నాయి. కెరటం లేదు, చప్పుడు లేదు. మా గోదావరికి వరదొస్తే ఎర్రనీళ్లు, హోరు, ముందే తెలుస్తుంది. ఇది మాత్రం ఎవరో బిందెతో మెల్లగా ఒంపినట్టు నిండిపోయింది. మొదట పిక్కల దాకా, నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ల దాకా. నీళ్లు కదలడంతో అడుగు కనిపించడంలేదు. ఏది రాయో, ఏది గుంటో తెలియదు. అత్తయ్యగారి కాలు జారింది. అమ్మాయి పట్టుకోబట్టి సరిపోయింది గానీ, మోచెయ్యి పగడపు రాయికి గీరుకుని నెత్తురొచ్చింది. అప్పుడే వెనకనుంచి "అమ్మా!" అని చిన్నాడి కేక.

వాడు నల్లటి ముళ్ల బంతి లాంటి జీవి మీద కాలేశాడు. సీ అర్చిన్ అంటారట. ముళ్లు పాదంలో విరిగిపోయాయి. వాడు అడుగు తీసి అడుగు వేయలేడు. మావారు వాడిని వీపున ఎక్కించుకున్నారు. ఇక అత్తయ్యగారికి నేనూ, అమ్మాయీ చెరోవైపు. ఆ కొబ్బరిబొండాల ఆవిడే ఒడ్డునుంచి మమ్మల్ని చూసి, వింతలు చూపించే గైడు కుర్రాణ్ణి కేకేసి పంపింది. ఆ పిల్లాడు కర్రతో ముందు పొడిచి చూస్తూ, మెరక ఎక్కడుందో అక్కడే అడుగు వేయిస్తూ మమ్మల్ని ఒడ్డుకి చేర్చాడు. పావుగంట దారి ముప్పావుగంట పట్టింది. అత్తయ్యగారు దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఊళ్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడ పైకి కనిపించే ముళ్లని పట్టకారుతో తీసి, పాదాన్ని చాలాసేపు వేడి నీళ్లలో ఉంచి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ వేడికి నొప్పి చాలావరకు తగ్గింది. "లోపల విరిగినవాటిని సూదితో కెలకొద్దు, చీము పట్టినా, వాపు తగ్గకపోయినా మళ్లీ చూపించండి" అని చెప్పారు. అదృష్టం బాగుండి నాలుగైదు రోజుల్లో నడిచాడు. ఆ బూట్లు మాత్రం చెక్కు చెదరకుండా ఇంటికొచ్చాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

అక్కడివాళ్లు చెప్పిన సంగతులు

ఆ రోజు మధ్యాహ్నమంతా కదలలేక బస దగ్గరే కూర్చున్నాము. అప్పుడు ఆ గైడు కుర్రాడూ, మర్నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో మా మరిదిగారూ చెప్పినవి, ఆరోగ్య కేంద్రంలో విన్నవి అన్నీ కలిపి రాస్తున్నాను.

మొదటిది ఆటుపోట్లు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఆ వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీళ్లు ఎక్కువ తీస్తాయి, అంతే ఎక్కువగా వస్తాయి. మేము వెళ్లింది ముక్కనుమ, బహుళ తదియ. ఈ సంగతి విని అత్తయ్యగారు, "బయల్దేరే ముందు పంచాంగంలో వర్జ్యం చూశాం, దుర్ముహూర్తం చూశాం. తిథి చూస్తే పోటు తెలుస్తుందని ఎవరికి తెలుసమ్మా!" అన్నారు. నిజమే కదా, తిథులు మనకి కంఠతా వచ్చు. వాటితోపాటు ఆ రోజు ఆటు వేళ ఎంతో బస ఇచ్చినవాళ్లనో, ఆటో అబ్బాయినో అడిగి, పూర్తి ఆటుకి ముందే దిగి, అది దాటగానే వెనక్కి తిరిగితే చాలు.

రెండోది చెప్పులు. పగడపు రాయి కత్తిపీటలా కోస్తుంది. మెత్తటి హవాయి చెప్పు జారుతుంది, ఊడిపోతుంది. వెనక పట్టీ ఉన్న గట్టి రబ్బరు చెప్పులో, పాత బూట్లో వేసుకోవాలి. గీరుకున్నచోట వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడగాలి. పగడపు గాయం చిన్నదే కదా అని వదిలేస్తే చీము పడుతుంది. అత్తయ్యగారి మోచెయ్యి మానడానికి చిన్నాడి పాదం కంటే ఎక్కువ రోజులు పట్టింది.

మూడోది చేతులు. ఆ సముద్రంలో రాయిలా కదలకుండా పడి ఉండే చేప ఒకటుంది, స్టోన్ ఫిష్ అంటారు. దాని వీపు ముళ్లలో విషం. గవ్వల్లో కూడా శంఖులా సన్నగా, చక్కటి చిత్రాలు గీసినట్టుండే కోన్ నత్త ఉంది. లోపల ప్రాణం ఉంటే అది కొట్టే చిన్న ముల్లు ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలు అందంగా ఉందని జేబులో వేసుకుంటారు, జాగ్రత్త. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచి వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. నీళ్ల వేడి ముందు మనం చూసుకుని పెట్టాలి, నొప్పిలో పిల్లలకి తెలియక బొబ్బలెక్కుతాయి. కోన్ నత్త కుట్టిందని అనుమానం వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. జెల్లీఫిష్ తగిలినచోట ఇసుకతో రుద్దకూడదు, మంట ఇంకా పెరుగుతుంది.

నాలుగోది మొసళ్లు. సముద్రంలో మొసళ్లేమిటని నేను నవ్వాను. మరిదిగారు నవ్వలేదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. ఎక్కువగా మడ అడవులు, ఉప్పుటేళ్లలో ఉంటాయి, అప్పుడప్పుడు సముద్రం ఒడ్డుకీ వస్తాయి. 2010 ఏప్రిల్‌లో పక్కనే ఉన్న హేవ్‌లాక్ దీవిలో, ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, అమెరికా నుంచి వచ్చిన ఒక యువతి ఈదుతుండగా మొసలి పట్టుకుని చంపేసింది. కాబట్టి హెచ్చరిక బోర్డు ఉన్నచోట, ఏరు సముద్రంలో కలిసేచోట, చీకటి పడే వేళ నీళ్లలోకి దిగకూడదు. అక్కడ చీకటి కూడా తొందరగానే పడుతుంది. జనవరిలో అయిదుంపావుకి, అయిదున్నరకి సూర్యుడు దిగిపోతాడు. మనూళ్లో లాగా ఆరున్నర దాకా వెలుగుంటుందని అనుకోవద్దు.

సీతాపూర్ వైపు సముద్రం తెరిచి ఉంటుంది, కెరటాలు గట్టివి. స్నానానికి అది చోటు కాదు. ఎక్కడైనా నీళ్లు లోపలికి లాగేస్తుంటే, ఒడ్డువైపు ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డుకి పక్కగా కొంతదూరం ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలట. ఈత రాని మనబోటివాళ్లకి మోకాలు దాటని నీళ్లే మర్యాద. చీర, చుడీదార్ దుపట్టా తడిస్తే కాళ్లకి చుట్టుకుంటాయి. అవి ఒడ్డునే వదిలి, ఒంటికి పట్టి ఉండే పొట్టి బట్టలో, పిల్లల నైట్ ప్యాంటో వేసుకోండి. ఎవరో ఏదో అనుకుంటారని సముద్రంలో మొహమాటపడితే ఎలా?

అమ్మాయి స్కూబా డైవింగ్ చేస్తానని గొడవ. జలుబు ఉందని చెప్పగానే వాళ్లే వద్దన్నారు, చెవులు దెబ్బతింటాయట. చేసినవాళ్లు కూడా కనీసం 18 నుంచి 24 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. అందుకని తిరుగు ప్రయాణం రోజు ఇది పెట్టుకోకండి.

ఇంకొక్కటి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ దీవుల్ని ఎంత ఏడిపించిందో అక్కడి పెద్దవాళ్లనడిగితే చెబుతారు. భూమి గట్టిగా, చాలాసేపు ఊగినా, వేళ కాని వేళ సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడినా, చేపలు ఏరడానికో, ఫోటో తీయడానికో నిలబడకూడదు. సామాన్లు వదిలేసి మెరక ప్రదేశానికి పరిగెత్తాలి. ఒక్క కెరటం వచ్చి పోయిందని వెంటనే దిగి రాకూడదు.

చిన్నవే, కానీ ఇబ్బందిపెట్టేవి

సాయంత్రం తడి ఇసుకలో కూర్చుంటే కంటికి కనిపించని ఇసుక ఈగలు కుడతాయి. రెండురోజులకి దురద మొదలవుతుంది. గోకితే పుళ్లు. కాళ్లకి దోమల క్రీము రాసుకుని, ఇసుక మీద దుప్పటి వేసుకుని కూర్చోండి. కాయలున్న కొబ్బరిచెట్టు కింద పిల్లల్ని పడుకోబెట్టకండి, మన గోదావరి జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదనుకోండి.

పెద్ద వైద్యం కావాలంటే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాల్సిందే. సముద్రం బాగులేకపోతే ఓడలు ఆగిపోతాయి. అందుకని బీపీ, షుగరు మాత్రలు మూడురోజులకి వెళ్తుంటే వారానికి సరిపడా పెట్టుకోండి. విమానానికీ, దీవి నుంచి తిరిగొచ్చే ఓడకీ మధ్య ఒకరోజు ఖాళీ ఉంచుకోండి. ఫోను సిగ్నలు, ఏటీఎం నమ్ముకోకుండా చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి.

వచ్చే ఏడు బొమ్మల కొలువులో సముద్రం పెడదామని అత్తయ్యగారు తెల్లటి పగడపు ముక్కలు నాలుగు ఏరి కొంగున కట్టుకున్నారు. అవి తీసుకెళ్లడం నేరం, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుబడతాయి అని గైడు కుర్రాడు చెప్పాడు. ఆవిడ మారుమాట లేకుండా మళ్లీ ఒడ్డుకి నడిచి, ఎక్కడివక్కడ వేసి దణ్ణం పెట్టి వచ్చారు.

దీవి వదిలే ముందు నేను కొబ్బరిబొండాల ఆవిడ దగ్గరకి వెళ్లాను. మా చేగోడీల పొట్లం ఆవిడ చేతిలో పెట్టి, ఆ రోజు మాట వినలేదు, తప్పు నాదే అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆవిడ నవ్వి, "బాబు కాలు ఎలా ఉంది?" అని అడిగింది. అంతే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మళ్లీ వెళ్తారా అని ఇక్కడ అందరూ అడుగుతున్నారు. తప్పకుండా వెళ్తాము. చిన్నాడికి ఆ వంతెన మళ్లీ చూడాలని ఉంది. ఈసారి టిఫిను వచ్చాకే. ఒడ్డున ఉన్నావిడ త్వరగా రమ్మంటే, వెనక్కి తిరిగేది ముందు నేనే.